దడిలో మూరెడు దారి

మన తాతల తాతలు ఇంకా ఉగ్గు తాగే రోజుల్లో, లేకపోతే అంతకన్నా ముందో, జమ్ములంక అని ఒక ఊరుండేది. ఊరికి దిగువన పెద్దకొలను. ఊరికి ఎగువన పంటచేలు. రెంటికీ మధ్యన ఒక్కటే కాలవ. ఆ ఊరు ఆర్నెల్లు నేల మీదుండేది, ఆర్నెల్లు నీళ్ళ మీదుండేది. ఎండాకాలంలో నడిచిపోయే పొరుగింటికే వానాకాలంలో పడవేసుకుని పోయేవాళ్ళు.

తొలకరి పడ్డాక ఏరు పొంగేది. ఏరు పొంగితే చేలు మునిగేవి. చేలు మునగడమే ఆలస్యం, కొలనులో చేపలన్నీ కడుపులేసుకుని కాలవలో ఎదురెక్కేవి. కొత్తనీళ్ళొచ్చాయని వాటికెవరు చెప్తారో ఏమో. చేలో లోతు తక్కువ, గడ్డి ఎక్కువ, మేత ఎక్కువ. పిల్లలకి అంతకన్నా మంచి ఉయ్యాల ఎక్కడుంటది. అందుకని అక్కడికి పోయి గుడ్లు పెట్టేవి.

చేపల్లో మూడు రకాల తల్లులున్నాయని ఆ ఊరి ముసలమ్మలు చెప్పేవాళ్ళు. ఒకటి శీలావతి. లెక్కలేనన్ని గుడ్లు పెట్టి, వాటిని నీళ్ళకి అప్పజెప్పి, వెనక్కి చూడకుండా పోద్ది. రెండోది కొరమీను. అది కాసినే పెడతది. పెట్టి మొగుడూ పెళ్ళాం ఇద్దరూ కాపలా కాస్తాయి. పైన ఎర్రెర్రటి పిల్లలు ముద్దలాగా తేలతంటే, కింద అమ్మానాన్నా తిరగతా ఉంటాయి. మూడోది మార్పు అనే మీసాల చేప. ఎండాకాలమంతా బురదలో ఊపిరి బిగబట్టి పడుకుంటది. ఉరుము వినపడితే చాలు, లేచి నేల మీద పాక్కుంటానన్నా పోద్ది. గుడ్లు పెట్టిన బొరియ దగ్గర తండ్రి కూర్చుంటాడు.

వదిలిపోయే తల్లీ, కాపలా కాసే తల్లీ, బురదలో ఓర్చుకునే తల్లీ. మూడూ పోవాల్సింది మాత్రం ఆ ఒక్క కాలవలోంచే.

ఆ కాలవ మూతికి ఊరోళ్ళు దడి కట్టేవాళ్ళు. దడంటే ఏం లేదు, వెదురు బద్దల్ని తాటినారతో అల్లిన గోడ. ఈ గట్టు నుంచి ఆ గట్టుకి నిలబెడతారు. నీళ్ళు పోతాయి, చేప ఆగిపోద్ది. ఆగిన చేపని బుట్టలతో ఎత్తుకోవడమే.

ఆ దడి కట్టేవాడి పేరు భైరయ్య.

భైరయ్య నోట్లోంచి మాట రావడం కష్టం. ఎవరన్నా పలకరిస్తే నవ్వేవాడు. ఇంకోసారి పలకరిస్తే తల దించుకునేవాడు. కానీ చేతుల్లో మాత్రం పనుండేది. ఆయన కట్టిన దడిలోంచి నీళ్ళు పోవాలంటేనే సన్నబడి పోవాలి. ఆయన ముడి వేస్తే ఇంకెవరూ విప్పలేరు. కొయ్యాల్సిందే.

"బావా, నువ్వు మా చెల్లి మెళ్ళో వేసిన ముడి కూడా ఇట్టాంటిదేనా?" అని గురవయ్య ఆటపట్టించేవాడు. గురవయ్య అంటే భైరయ్య పెళ్ళాం నాంచారమ్మకి అన్న.

"అది ఇంకా గట్టిది అన్నాయ్. ఊపిరాడక చస్తన్నా," అనేది నాంచారమ్మ.

భైరయ్య నవ్వి తల దించుకునేవాడు.

ఊరి పెద్ద వీరాస్వామి గట్టు మీద నిలబడి దడిని ఆ చివర నుంచి ఈ చివరకి చూసి, ఏటా అదే మాట అనేవాడు. "భైరిగా, నీ దడిలో నలుసు దూరదురా." ఆ మాట కోసమే భైరయ్య ఏడాదంతా బతికేవాడు.

పెళ్ళయిన చాన్నాళ్ళకి నాంచారమ్మకి కడుపు నిలబడింది. నెలలు నిండేసరికి తొలకరి పడింది. భైరయ్య ఆ ఏడు దడిని ఎన్నడూ కట్టనంత గట్టిగా కట్టాడు. బిడ్డ పుట్టబోతా ఉంది గదా, వీరాస్వామి చేత ఇంకాస్త గట్టిగా అనిపించుకోవాలని.

దడి కట్టిన మర్నాడు పొద్దున్నే నాంచారమ్మకి నొప్పులు మొదలయ్యాయి. మంత్రసాని ఉండేది ఎగువన, మెరక మీద పల్లెలో. గురవయ్య పడవ తెచ్చాడు. నాంచారమ్మని పడుకోబెట్టారు. గురవయ్య గెడేస్తన్నాడు, భైరయ్య ముందు కూర్చున్నాడు. వాన పడతా ఉంది.

కాలవ మూతి దగ్గరికి వచ్చేసరికి పడవ ఆగింది. ఎదురుగా దడి.

"విప్పు బావా," అన్నాడు గురవయ్య.

భైరయ్య నడుంలోతు నీళ్ళలోకి దిగాడు. ముడి పట్టుకున్నాడు. తడిసిన తాటినార బిగిసి రాయిలాగా అయిపోయింది. మొల్లో చెయ్యి పెడితే కత్తి లేదు. హడావుడిలో ఇంట్లోనే మర్చిపోయాడు. గోళ్ళతో పీకాడు. పళ్ళతో లాగాడు. తన ముడి తనకే లొంగలేదు.

అప్పుడు కాళ్ళకి ఏదో తగిలింది. చూస్తే చేపలు. కడుపులు ఉబ్బిన చేపలు. దడికి మూతులు ఆనించి, వెనక్కి పోయి, మళ్ళీ వచ్చి కొట్టుకుంటన్నాయి. ఆయన తొడలకి వాటి కడుపులు తగలతన్నాయి. మెత్తగా ఉన్నాయి. వెనక పడవలో నాంచారమ్మ మూలగతా ఉంది.

"త్వరగా మావా," అంది.

ముడి ఊడేసరికి ఆయన గోళ్ళు రెండు లేచిపోయినయ్యి. బద్దలు పక్కకి లాగాడో లేదో చేపలన్నీ ఒక్క ఉదుటున దూసుకుపోయాయి. వాటి వెనక పడవ పోయింది. కానీ మంత్రసాని గుడిసె కనపడే లోపే నాంచారమ్మ పడవలో కనేసింది. ఆడపిల్ల. ఏడవలేదు. మంత్రసాని పరిగెత్తుకొచ్చి బిడ్డని తిరగేసి కొట్టింది, నోట్లో ఊదింది, వేణ్ణీళ్ళు పోసింది. లాభం లేకపోయింది.

"కాసేపు ముందొచ్చుంటేనా," అందామె. అని నాంచారమ్మ ముఖం చూసి ఆగిపోయింది. "తల్లి దక్కింది నాయనా. అది తల్చుకోండి."

తిరిగొచ్చేటప్పుడు, దడి దగ్గరికి వచ్చాక నాంచారమ్మ కళ్ళు తెరిచింది.

"అవి పోయాయి మావా," అంది. "మనకన్నా ముందు దూరి పోయాయి. చూశావా?"

"చూశా," అన్నాడు భైరయ్య.

"పోనీలే. వాటికన్నా దారి దొరికింది."

ఆ మాట భైరయ్య గుండెల్లో ఉండిపోయింది. తర్వాత వాళ్ళకి మళ్ళీ పిల్లలు పుట్టలేదు.

మరుసటేడు తొలకరికి భైరయ్య దడి కట్టాడు. వీరాస్వామి ఆ చివర నుంచి చూసుకుంటా ఈ చివరకి వచ్చి ఆగిపోయాడు. గట్టు పక్కన మూరెడు ఖాళీ ఉంది. ముళ్ళు చూస్తే ఒక్కటీ బిగింపు లేదు. అన్నీ ఒక్క లాగుకి ఊడొచ్చే జారుముళ్ళు.

"ఇదేంట్రా భైరిగా?"

భైరయ్య తల దించుకున్నాడు. "దారి పెద్దయ్యా."

"ఎవరికి?"

"తల్లులకి."

వీరాస్వామి వెనక్కి తిరిగాడు. మనసు విరిగిన మనిషి, పోనీలే అనుకున్నాడు. ఊరోళ్ళూ పోనీలే అనుకున్నారు.

ఆ పైయేడు కూడా మూరెడు ఖాళీ వదిలాడు. ఈసారి ఊరోళ్ళు నవ్వారు. "భైరయ్య దడిలోంచి చేపలు పోడం కాదు, మొసలి పెళ్ళి ఊరేగింపు పోద్ది," అన్నారు. "బావా, చేపలకి తాంబూలం కూడా ఇచ్చి పంపరాదూ," అన్నాడు గురవయ్య. భైరయ్య నవ్వి ఊరుకున్నాడు. చేపలకేం కరువు లేదు గాబట్టి ఊరూ నవ్వి ఊరుకుంది.

ఆ తర్వాత కరువొచ్చింది.

వాన పడలేదు. ఏరు పొంగలేదు. కొలను ఎండి ఎండి మధ్యలో మడుగంత మిగిలింది. ఆ మడుగులో చేపలు ఒకదాని మీద ఒకటి పడి ఉండేవి. కొంగలు కొన్ని తిన్నాయి. మనుషులు కొన్ని తిన్నారు. చేలో పంట లేదు. జనం కలువ దుంపలు తవ్వుకుని ఉడకేసుకున్నారు. గురవయ్యకి ముగ్గురు పిల్లలు. ముగ్గురికీ పొట్టలు ముందుకొచ్చి, కాళ్ళు పుల్లలయ్యాయి.

పైయేడు తొలకరి ఆలస్యంగా పడింది గానీ గట్టిగా పడింది. ఏరు పొంగింది. మడుగులో మిగిలిన కాసిని చేపలూ కడుపులేసుకుని కదిలాయి. బురదలోంచి మార్పులు లేచాయి. ఊరంతా గట్టు మీదకొచ్చి నిలబడింది.

వీరాస్వామి భైరయ్య ఇంటికొచ్చాడు. ముసలాయన మనిషి సగమయ్యాడు. గుమ్మంలో కూర్చుని చాలాసేపు ఊపిరి తీసుకున్నాడు.

"భైరయ్యా," అన్నాడు. ఎన్నడూ అట్టా పూర్తిగా పిలిచేవాడు కాదు. "ఈ ఏడు ఆ కంత పెట్టమాక. నీ బాధ నాకు తెలుసు. కానీ పిల్లలు ఆకలితో ఉన్నారు."

భైరయ్య ఎప్పట్లాగే తల దించుకున్నాడు. కానీ ఈసారి మాట్లాడాడు. ఆయన జన్మలో అంత మాట్లాడింది లేదంటారు.

"ఉన్న తల్లులన్నిట్నీ ఇప్పుడే తినేస్తే, నీళ్ళు దిగినప్పుడు ఏం దిగుద్ది పెద్దయ్యా? ఒట్టి నీళ్ళు దిగుతాయి. పిల్లలు అప్పుడూ ఆకలితోనే ఉంటారు గదా."

"అప్పటిదాకా బతకాలి గదరా."

"బతకాలి. అందుకే దడి కడతా. మూరెడు తప్ప మిగతాదంతా మీదే. ఆ మూరెడూ నా వాటా అనుకోండి. నాకు బుట్ట ఎత్తొద్దు. ఒక్క చేప కూడా వద్దు. నా వాటా చేప నా దారినే పోద్ది."

వీరాస్వామి నాంచారమ్మ వైపు చూశాడు. "అమ్మా, నీకూ తిండి ఉండదు మరి. ఏమంటావు?"

నాంచారమ్మ పొయ్యి మీద దుంపలు కదిపింది. "నాకు దుంపలు అలవాటైపోయాయి పెద్దయ్యా. ఈయన మాటలే కొత్తగా ఉన్నాయి. ఇంత మాట్లాడాడంటే కాదనకండి, మళ్ళీ మాట్లాడతాడో లేదో."

ముసలాయనకి నవ్వొచ్చింది. కళ్ళు తుడుచుకుని లేచాడు. "సరే. మూరెడే. మూరెడు మీద బెత్తెడు కూడా ఎక్కువ కాదు."

దడి లేచింది. చేపలు ఎక్కాయి. దడి కాడ ఆగిన చేపని ఊరు పట్టింది. కాసినే అయినా ఇంటింటికీ వచ్చాయి. మూరెడు సందులోంచి పోయేవి పోతన్నాయి. భైరయ్య గట్టు మీద కూర్చుని చూస్తన్నాడు.

చూస్తా చూస్తా ఉంటే సందులోకి ఒక శీలావతి వచ్చింది. కడుపు ఇంత. సందు దాటింది, ఇక కనపడలేదు. భైరయ్య దిగి చేత్తో తడిమాడు. సందు వెనక, గడ్డి కింద, చేప పడే బుట్ట ఉంది. లోపలికి పోడమే గానీ బయటికి రాని బుట్ట. ఎత్తితే శీలావతి అందులో కొట్టుకుంటా ఉంది.

"అది నాది బావా," అన్నాడు గురవయ్య గట్టు మీంచి.

"ఇది దారి గదా బావా."

"దారే. నా పిల్లలకి కూడా అదే దారి." గురవయ్య నీళ్ళ అంచు దాకా దిగాడు. "నీకు పిల్లల్లేరు. నీకేం తెలుస్తది."

అన్నాక గురవయ్య ఆ మాట వెనక్కి తీసుకోవాలని చూశాడు. తీసుకోలేకపోయాడు.

భైరయ్య కోపం చేసుకోలేదు. బుట్ట మూత తీశాడు. చేపని చేల వైపు వదిలాడు. బుట్టని గట్టు మీద పెట్టాడు. పెట్టి, వెళ్ళి సందులో నిలబడ్డాడు. రెండు చేతులతో రెండు పక్కల గుంజలు పట్టుకుని, కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడ్డాడు. నడుంలోతు నీళ్ళు. చేపలు ఆయన కాళ్ళ మధ్య నుంచి పోతన్నాయి.

"ఎంతసేపు నిలబడతావో చూస్తా," అన్నాడు గురవయ్య.

"తల్లులు పోయిందాకా," అన్నాడు భైరయ్య.

మొదటి రోజు నిలబడ్డాడు. జనం గట్టు మీదకొచ్చి చూశారు. కొందరు నవ్వారు. ఎవరన్నా బుట్ట పట్టుకుని దగ్గరికి వస్తే, "దారియ్యండయ్యా, తల్లి పోతంది," అనేవాడు. అంతే.

రెండో రోజు నిలబడ్డాడు. వీరాస్వామి వచ్చి, "రారా నాయనా, నేను చూసుకుంటా, ఎవర్నీ బుట్ట పెట్టనివ్వను," అన్నాడు. "మీరు ముసలోరు పెద్దయ్యా, నిద్రొస్తది మీకు," అన్నాడు భైరయ్య. "దారియ్యండి, తల్లి పోతంది." ఆ రోజు నవ్వినవాళ్ళు తక్కువ.

మూడో రోజు కూడా నిలబడ్డాడు. పెదాలు నీలమయ్యాయి. చేతులు గుంజలకి అతుక్కుపోయాయి. గురవయ్య నీళ్ళలోకి దిగొచ్చాడు. చేతిలో బుట్ట లేదు. ముంత ఉంది. ముంతలో గంజి.

"మా ఇంటిది పంపింది," అన్నాడు. "నేను పంపలేదు. నాకు అంత సిగ్గు లేదు."

"పిల్లలకి?"

"పిల్లలకి పెట్టాకే తెచ్చా. తాగు."

భైరయ్య తాగాడు. గురవయ్య ఇక ఏం చెయ్యాలో తెలీక ఒక పక్క గుంజ తను పట్టుకున్నాడు. ఇద్దరి కాళ్ళ మధ్య నుంచీ ఒక కొరమీను జంట పోయింది. ముందు ఒకటి, వెనక ఒకటి.

"దారియ్యండి," అన్నాడు గురవయ్య, అక్కడ వినేవాళ్ళెవరూ లేకపోయినా. "తల్లి పోతంది. వెనక మొగుడు కూడా ఉన్నాడు."

భైరయ్య నవ్వాడు. ఆ సాయంత్రానికి చేపలు ఎక్కడం ఆగిపోయింది. గురవయ్య ఆయన్ని భుజానేసుకుని ఇంటికి తెచ్చాడు.

ఆ చలి మళ్ళీ ఒంట్లోంచి దిగలేదు. జ్వరం పట్టుకుంది, దగ్గు పట్టుకుంది. నాంచారమ్మ కాపడం పెట్టింది, కషాయం పోసింది, పక్కనే కూర్చుంది. ఒకరోజు మధ్యాహ్నం ఎండ కాస్తా ఉంటే భైరయ్య కళ్ళు తెరిచి అడిగాడు.

"నీళ్ళింకా చేలో ఉన్నాయా?"

"ఉన్నాయి మావా. నిండా ఉన్నాయి."

"అయితే పర్లేదు. ఇంకా పెరగతన్నాయి." 

అని కళ్ళు మూసుకున్నాడు. భైరయ్య వాటా అంతటితో అయిపోయింది.

నీళ్ళు దిగే కాలం వచ్చింది. పొరుగున మూడు లంకలున్నాయి. ఆ మూడు లంకల వాళ్ళూ తొలకరికి దడి బిగించి, ఎక్కే చేపనంతా పట్టుకున్నారు. తప్పు పట్టేదేం లేదు, ఆకలి. ఇప్పుడు వాళ్ళ కాలవల్లో నీళ్ళు దిగాయి. నీళ్ళే దిగాయి. ఒక లంకలో గడ్డి దిగింది. ఒక లంకలో నురగ దిగింది. ఒక లంకలో ఒక కప్ప దిగింది.

జమ్ములంక కాలవలో మొదట చిన్న చిన్న మెరుపులు కనిపించాయి. వేలెడంత శీలావతులు. అవి చూసి గట్టు మీద ముసలమ్మ ఒకామె అరిచింది. వాటి వెనక బెత్తెడు పరిగె చేపలు, నల్లగా మార్పు పిల్లలు, కొరమీను పిల్లలు గుంపులు గుంపులుగా. కాలవలో నీళ్ళు కనపడలేదు. చేపే పారింది. బుట్ట ముంచితే బుట్ట నిండింది. కుండ ముంచితే కుండ నిండింది. గురవయ్య చిన్నకూతురు పరికిణీ ముంచితే పరికిణీ నిండింది. కావలసినంత పట్టారు, పట్టిందానికన్నా ఎక్కువ కొలనులోకి పోయింది. పొరుగు లంకలకి పడవల్లో పంపారు.

మొదటి బుట్ట ఎవరూ తినలేదు. గురవయ్య నెత్తిన పెట్టుకుని నాంచారమ్మ ఇంటికి తెచ్చాడు. వెనక వీరాస్వామి, ఆయన వెనక ఊరు. బుట్ట గుమ్మంలో దించి గురవయ్య చెల్లెలి కాళ్ళ దగ్గర కూర్చుండిపోయాడు.

"బావ వాటా తెచ్చామమ్మా," అన్నాడు.

నాంచారమ్మ బుట్టలోకి వంగి చూసింది. అన్నీ చిన్నవే. ఎర్రటివి, తెల్లటివి, నల్లటివి. నోళ్ళు తెరిచి మూస్తన్నాయి. ఏడుస్తదేమో అనుకున్నారు. ఆమె నవ్వింది.

"ఇంతమందికి పేర్లు పెట్టేదెట్టా," అంది.

బుట్ట ఎత్తి చంకనేసుకుంది. తనే కాలవ దాకా నడిచింది. కొలను వైపు వంచి అన్నిట్నీ వదిలేసింది.

ఇప్పుడు ఆ ఊళ్ళో దడి కట్టినా గట్టు పక్కన మూరెడు వదిలే కడతారు. దాన్ని భైరయ్య వాటా అంటారు. అందులో బుట్ట పెట్టినవాడికి పిల్లనివ్వరు. నీళ్ళు దిగినప్పుడు మొదటి బుట్ట ఊళ్ళో అందరికన్నా పెద్ద ముసలమ్మ చేత కొలనులో పోయిస్తారు. పోసేటప్పుడు ఆమె పిల్ల చేపల్లో ఒకదానికి పేరు పెట్టాలి. ఎక్కువగా భైరయ్య పేరే పెడతారు. అందుకే ఆ కొలనులో భైరయ్యలు ఎక్కువ.

కాలవ మీద ఎవరూ మొండిముడి వెయ్యరు. దడికైనా, పడవకైనా, ఒక్క లాగుకి ఊడొచ్చే జారుముడే. పిల్లలకి మొట్టమొదట నేర్పించే ముడి అదే.

రేవు దగ్గర ఎంత జనమున్నా, ఎంత తొక్కిడిగా ఉన్నా, కడుపుతో ఉన్న మనిషి గట్టు మీద కనపడితే చాలు, పడవ మధ్యలోకి పోయినా వెనక్కి తిప్పుతారు. గెడేసేవాడు ఆ మాటనే అంటాడు. వాళ్ళ నాన్న అన్నట్టే, వాళ్ళ తాత అన్నట్టే, పెద్దగా కాదు, తల కాస్త దించుకుని అంటాడు.

"దారియ్యండి. తల్లి పోతంది."